చిన్న కెమెరాకు పొడుగు లెన్సు: ముందుకు వాలకుండా, చెయ్యి నొప్పెట్టకుండా పట్టుకోవడం ఎలా?

ఉదయసముద్రం (నల్లగొండ), ఆదివారం మధ్యాహ్నం 12:40

అందరికీ నమస్కారం. నేను నల్లగొండలో ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెబుతాను. వయసు 52. ఆదివారం తెల్లవారకముందే పానగల్లు దగ్గర ఉదయసముద్రం కట్ట మీదికి వెళ్లి పిట్టల ఫొటోలు తీయడం మూడేళ్లుగా అలవాటు. తీసినవి అచ్చు వేయించి తరగతి గోడకు అంటిస్తాను. పాలపిట్ట మన రాష్ట్ర పక్షి అని పిల్లలు పుస్తకంలో చదువుతారు. అది రోజూ మన బడి వెనక కరెంటు తీగ మీదే కూర్చుంటుందని నమ్మాలంటే ఫొటో కావాలి.

నా దగ్గర ఉన్నది సోనీ ఏ6000. బ్యాటరీ, కార్డుతో కలిపి 344 గ్రాములు. దానికి 55 నుంచి 210 మిల్లీమీటర్ల దాకా జూమ్ అయ్యే లెన్సు తగిలిస్తాను, అది 345 గ్రాములు. చెరొక వైపు సమానంగా ఉన్నట్టే కనిపిస్తుంది కానీ చేతిలోకి తీసుకోగానే మూతి కిందికి వాలిపోతుంది. దాన్ని ఎత్తి ఉంచడానికి కుడిచేతి బొటనవేలు బిగించి పట్టుకోవాలి. గంట గడిచేసరికి బొటనవేలి మొదట్లో సలుపు మొదలవుతుంది, సోమవారం సుద్దముక్క పట్టుకున్నప్పుడు కూడా తెలుస్తుంది. డాక్టరుకు చూపించాను. ఎముకకేమీ కాలేదు, ఒత్తిడి తగ్గించుకోండి అన్నారు. పోయిన నెల ఆన్‌లైన్‌లో కింద బిగించే ఒక లోహపు పట్టు తెప్పించాను. బరువు పెరిగింది, వాలడం మాత్రం అలాగే ఉంది.

కెమెరా అమ్మేయాలని లేదు. ఇది సంచిలో టిఫిన్ డబ్బా పక్కన పట్టేస్తుంది, అందుకే రోజూ నాతో ఉంటుంది. దీన్నే హాయిగా పట్టుకునే మార్గం ఉంటే చెప్పండి.

---

పెళ్లిపందిరి (మిర్యాలగూడ), మధ్యాహ్నం 1:15

మేడమ్, ఏదైనా కొనే ముందు ఒక్క మాట చెప్పండి. ఫొటో తీసేటప్పుడు మీ ఎడమచెయ్యి ఎక్కడ ఉంటుంది?

---

ఉదయసముద్రం (నల్లగొండ), మధ్యాహ్నం 1:32

కెమెరా ఎడమ అంచున. రెండు చేతులతో పుస్తకం పట్టుకున్నట్టు. జూమ్ తిప్పాల్సి వచ్చినప్పుడు మాత్రం లెన్సు మీదికి తీసుకెళ్తాను, మళ్లీ అంచుకు తెచ్చేస్తాను.

---

పెళ్లిపందిరి (మిర్యాలగూడ), మధ్యాహ్నం 2:05

అనుకున్నాను. నేను 22 ఏళ్లుగా పెళ్లిళ్లకు ఫొటోలు తీస్తున్నాను. పనికి కొత్తగా వచ్చే ప్రతి కుర్రవాడి చేతిలోనూ మొదట సరిచేసేది ఇదే.

బరువు మోయాల్సింది ఎడమచెయ్యి. అరచెయ్యి ఆకాశం వైపు తిప్పండి, నైవేద్యం పళ్లెం పట్టుకున్నట్టు. లెన్సును ఆ అరచేతిలో కూర్చోబెట్టండి. బొటనవేలు, చూపుడువేలు జూమ్ రింగుకు రెండు పక్కలా వస్తాయి, అరచెయ్యి కదలకుండానే రింగు తిప్పవచ్చు. ఎడమ మోచేతిని డొక్కకు ఆనించండి. ఇప్పుడు బరువు మణికట్టు మీద ఆగదు, మోచేతి గుండా మీ ఒంటి మీదికి దిగుతుంది. కుడిచేతికి మిగిలే పని మీట నొక్కడమే. కుడిచెయ్యి ఎంత వదులుగా ఉందో చూసుకోవాలంటే, కెమెరా కన్ను దగ్గర ఉండగానే ఆ చేతి వేళ్లు ఒక్కసారి విప్పి చూడండి. కెమెరా కదలకూడదు.

మీ కెమెరాకు కన్ను పెట్టి చూసే కిటికీ ఉంది. అది గొప్ప సదుపాయం. కనుబొమకు గట్టిగా ఆనించండి, మూడో చెయ్యి ఉన్నట్టే. వెనక తెర చూస్తూ చేతులు చాపి తీస్తే మాత్రం ఎవరి చెయ్యయినా వణుకుతుంది.

మీట సగం నొక్కి అర సెకను ఆగండి. ఆ లెన్సులో వణుకు తగ్గించే ఏర్పాటు ఉంది, అది కుదురుకోవడానికి ఆ మాత్రం వ్యవధి కావాలి. చాలామంది ఒక్కసారే ఠక్కున నొక్కేసి, లెన్సు మంచిది కాదంటారు.

---

నల్లమల అంచు (అచ్చంపేట), మధ్యాహ్నం 3:50

పెళ్లిపందిరి అన్న చెప్పింది సరైనదే, కానీ నా అభిప్రాయం వేరు. పిట్టల ఫొటోలకు చిన్న బాడీ తగదు. చేతి నిండా పట్టు ఉన్న పెద్ద బాడీ తీసుకోండి టీచర్ గారూ. బరువున్న కెమెరా వేలి కుదుపుకు చలించదు. నేను మన్ననూరు నుంచి ఫరహాబాద్ దాకా అడవిలో తిరుగుతూ తీస్తాను, లెన్సుతో కలిపి దాదాపు రెండున్నర కిలోలు. ఎన్నడూ బరువని అనిపించలేదు.

---

మరచుట్టు (మహబూబ్‌నగర్), సాయంత్రం 6:20

నాది లేత్ మెషీన్ పని. పంపుసెట్ల షాఫ్టులు, ట్రాక్టర్ల బుష్‌లు చేస్తాను. మా అబ్బాయి కెమెరా కోసం పలకలు, పట్లు చేసి చేసి ఈ సంగతి కొంత తెలిసింది.

టీచర్ గారి ఇబ్బంది బరువు వల్ల వచ్చింది కాదు. బరువు ఒక చోట ఉంటే పట్టు మరొక చోట ఉంది. కావడి మోసేవాళ్లను చూసే ఉంటారు. ముందు కుండ నిండుగా, వెనక కుండ వెలితిగా ఉంటే వెనక కుండలో రాళ్లు వేయరు, భుజాన్ని ముందుకు జరుపుకుంటారు. ఆన్‌లైన్‌లో కొన్న ఆ లోహపు పట్టు వెనక కుండలో రాళ్లు వేసినట్టయింది. దాని బరువు బాడీ కిందే పడింది, పట్టుకునే చోటు మాత్రం మారలేదు.

ముందు బరువు ఎక్కడ తూగుతోందో కనిపెట్టండి. బల్ల మీద గుండ్రటి పెన్సిలు పెట్టి, దాని మీద లెన్సుతో సహా కెమెరాను అడ్డంగా ఉంచి, మెల్లగా ముందుకూ వెనక్కీ జరపండి. మూతీ వీపూ రెండూ వాలకుండా ఎక్కడ నిలబడుతుందో అక్కడ చిన్న కాగితం ముక్క అంటించండి. లెన్సు ముడుచుకున్నప్పుడు ఒకసారి, పూర్తిగా సాగినప్పుడు ఒకసారి చేయండి. కింద దుప్పటి పరవడం మరవకండి.

---

ఉదయసముద్రం (నల్లగొండ), రాత్రి 8:10

చేశాను. మా తొమ్మిదో తరగతి భౌతికశాస్త్రం పాఠంలా ఉంది, రేపు పిల్లలతో కూడా చేయిస్తాను.

55 దగ్గర బాడీ ముందు అంచు దాటి ఒక వేలి వెడల్పు ముందుకు తూగింది. 210 దగ్గర లెన్సు గొట్టం బయటికి సాగుతుంది కదా, అప్పుడు రెండు వేళ్లకు కొంచెం ఎక్కువ. అంటే తూకపు చోటు రెండుసార్లూ లెన్సు కిందే ఉంది. స్టాండు బిగించే మర రంధ్రమేమో బాడీ అడుగున, దానికి వెనక. నా కుడిచెయ్యి ఉండేది ఇంకా వెనక, అదీ ఒక పక్కకు. అందుకే మూతి వాలడంతో పాటు కెమెరా ఎడమకు కూడా ఒరుగుతోంది. ఇన్నాళ్లూ ఫొటోల్లో నీటి గీత ఒక పక్కకు వాలి ఉండేది, నా చూపులో తేడా ఉందనుకున్నాను.

పెళ్లిపందిరి గారు చెప్పినట్టు ఎడమచేతిలో కూర్చోబెట్టి డాబా మీద ఇరవై నిమిషాలు పిచ్చుకల్ని తీశాను. బొటనవేలు సలపలేదు. కానీ ఆ లెన్సు నున్నగా, సన్నగా ఉంది, అరచెయ్యి నిండదు. పట్టుకోవడానికి వేళ్లు ముడుచుకోవాల్సి వస్తోంది.

---

జూరాల గేటు (గద్వాల), రాత్రి 9:30

టీచర్ గారూ, నేను డిగ్రీ రెండో సంవత్సరం. నాది మీకన్నా చిన్న కెమెరా, సోనీ ఆర్ఎక్స్100 మొదటి రకం, 2012లో వచ్చింది. 240 గ్రాములే. ముందు భాగం సబ్బుబిళ్లలా నున్నగా ఉంటుంది, కన్ను పెట్టి చూసే కిటికీ లేదు. అతికించుకునే పట్టు ఆ కంపెనీయే విడిగా అమ్ముతుంది. డబ్బులు లేక నేను సొంతంగా ప్రయత్నించాను.

పైపులు కారితే పూడ్చడానికి కలిపి పెడతారు కదా, రెండు రంగుల ముద్ద, అది పిసికి వేళ్ల ఆకారం వచ్చేలా నేరుగా బాడీ మీద అద్దాను. గంటలో రాయిలా గట్టిపడింది. పట్టు బాగానే ఉంది కానీ వారం తర్వాత చూస్తే కింద బ్యాటరీ మూత పూర్తిగా తెరుచుకోవడం లేదు. ఆకురాయితో రాసేటప్పుడు బాడీ మీద గీతలు పడ్డాయి. దయచేసి ఎవరూ నేరుగా బాడీ మీద పెట్టకండి. పెట్టాలనుకుంటే ముందు పలుచటి ప్లాస్టిక్ కాగితం చుట్టి, దాని మీద ముద్దను మలిచి, గట్టిపడ్డాక ఊడదీసి రెండు వైపులా అంటుకునే టేపుతో అతికించండి.

ఇప్పుడు సైకిల్ ట్యూబు ముక్క కత్తిరించి అతికించాను. బ్యాడ్మింటన్ రాకెట్ పిడికి చుట్టే టేపు ఇంకా మెత్తగా ఉంటుందంటున్నారు, ఎవరైనా వాడారా?

---

పడుగు పేక (భూదాన్ పోచంపల్లి), రాత్రి 10:05

తమ్ముడూ, రాకెట్ టేపు నేను వాడాను. చెమటను పీల్చుకుంటుంది, జారదు. ఎండాకాలం రెండు నెలలకోసారి మార్చాలి, లేకపోతే అంచులు లేచి జిగురు వేళ్లకు అంటుతుంది.

కిటికీ లేని కెమెరాకు తాడే కిటికీ. మెడలో పట్టీ వేసుకుని, కెమెరాను రెండు చేతులతో ముందుకు నెట్టు. పట్టీ బిర్రుగా సాగేదాకా నెట్టు. ఇప్పుడు ముందుకు నీ చేతులు, వెనక్కి నీ మెడ లాగుతుంటాయి. మగ్గం మీద పడుగు బిర్రుగా ఉంటేనే పేక నేరుగా పడుతుంది, వదులైతే బట్ట అలలు పోతుంది. కెమెరా కూడా అంతే. పట్టీ పొడవును ఛాతీకి కొంచెం పైన బిగిసేలా పెట్టుకో.

టీచర్ గారికి ఒక మాట. మా ఇళ్లలో ఆడవాళ్ల భుజాలు ఆసు పోసి పోసి అరిగిపోయేవి. ఆసు అంటే నూలును మేకుల చుట్టూ చుట్టడం, చీర కోసం చెయ్యి వేల సార్లు అటూ ఇటూ తిప్పాలి. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారు తన తల్లి బాధ చూడలేక ఆసు యంత్రం చేశారు, 2017లో పద్మశ్రీ వచ్చింది. నొప్పిని ఓర్చుకోవడం పనిలో భాగమని మా పెద్దవాళ్లు అనుకునేవారు, అది నిజం కాదని ఆయన చూపించారు. మీరు కూడా బొటనవేలిని ఓర్చుకోమని అనకండి.

---

మరచుట్టు (మహబూబ్‌నగర్), సోమవారం ఉదయం 7:00

తూకపు చోటు తెలిసింది కాబట్టి ఇప్పుడు చేతిని అక్కడికి తీసుకెళ్లాలి. నా ఆలోచన చెబుతాను.

అల్యూమినియం పలక ఒకటి, 14 సెంటీమీటర్ల పొడవు, 38 మిల్లీమీటర్ల వెడల్పు, 6 మిల్లీమీటర్ల మందం. వెనక సగం బాడీ అడుగున మర రంధ్రానికి బిగుస్తుంది, ముందు సగం లెన్సు కింద చూరులా బయటికి వస్తుంది. ఎడమ అరచెయ్యి లెన్సును కాకుండా ఆ చూరును మోస్తుంది. తూకపు చోటు సరిగ్గా అరచేతి నడుమకు వస్తుంది. 38 వెడల్పు ఎందుకంటే స్టాండ్ల మీద ఉండే ఒక రకం బిగింపు దవడలకు ఆ కొలత సరిపోతుంది. పక్క అంచులు ఏటవాలుగా కోస్తే రేపు స్టాండు కొన్నా ఇదే పలక పనికొస్తుంది. లెక్క వేస్తే 86 గ్రాములు వస్తుంది, మధ్యలో రంధ్రాలు వేస్తే 70కి దిగుతుంది.

బోల్టు గురించి అందరూ శ్రద్ధగా చదవండి. కెమెరా అడుగున ఉండేది పావు అంగుళం మర, అంగుళానికి 20 చుట్లు. మన హార్డ్‌వేర్ కొట్లలో ఎక్కువగా దొరికే 6 మిల్లీమీటర్ల బోల్టు చూడటానికి అలాగే ఉంటుంది, ఒకటి రెండు చుట్లు ఎక్కుతుంది కూడా. బలవంతం చేస్తే మర చెడిపోతుంది. కొట్లో "పావు అంగుళం, 20 మర" అని అడగండి. చేత్తో తిప్పితే చివరిదాకా నూనె రాసినట్టు వెళ్లాలి. కెమెరా లోపలికి వెళ్లే పొడవు నాలుగు, నాలుగున్నర మిల్లీమీటర్లు దాటకూడదు.

టీచర్ గారూ, కొలతలు పంపండి. బాడీ అడుగు వెడల్పు, మర రంధ్రం ముందు అంచుకు ఎంత దూరం, బ్యాటరీ మూత ఎక్కడ. పలక చేసి బస్సు పార్శిల్‌లో పంపిస్తాను. డబ్బు వద్దు. పిల్లల గోడ మీద ఒక పాలపిట్ట నా తరఫున అంటించండి.

---

జూరాల గేటు (గద్వాల), సోమవారం ఉదయం 8:25

బోల్టు మాట నూటికి నూరుపాళ్లు నిజం. మా స్నేహితుడు పొడుగు బోల్టు బిగించాడు, అడుగు తగిలాక కూడా స్క్రూడ్రైవర్‌తో తిప్పాడు. లోపల ఏదో టక్కుమంది. ఇప్పుడు ఆ రంధ్రంలో ఏదీ నిలవదు, బాడీ అడుగు కొంచెం ఉబ్బింది.

---

నల్లమల అంచు (అచ్చంపేట), సోమవారం మధ్యాహ్నం 1:40

బరువు తప్పన్నట్టుగా అందరూ మాట్లాడుతున్నారు కాబట్టి మళ్లీ రాస్తున్నాను. తేలిక వస్తువు చిన్న తాకిడికే కదులుతుంది. 240 గ్రాముల కెమెరా మీట నొక్కితే కెమెరా మొత్తం కిందికి దిగుతుంది, రెండు కిలోల కెమెరా దిగదు. అందుకని కొంత బరువు మంచిదే అంటున్నాను. మరచుట్టు అన్న పలకకు రంధ్రాలు వేసి తేలిక చేయనక్కరలేదు, ఆ 86 గ్రాములు అలాగే ఉంచండి.

ఇంకొకటి. కూర్చుని తీసే వీలుంటే చేతులతో మోయడమే వద్దు. నేను జీపు తలుపు మీద జొన్నల సంచి వేసుకుంటాను. పాత జీన్సు ప్యాంటు కాలు కోసి, ఒక కొస కుట్టి, కిలోన్నర జొన్నలు పోసి రెండో కొస ముడి వేస్తాను. మూడొంతులే నింపాలి, బిగించి నింపితే రాయిలా ఉంటుంది, లెన్సు దిగబడదు. ఆముదాలు పోస్తే ఇంకా జారుడుగా ఒదుగుతాయి కానీ నలిగితే నూనె మరక. జీపు ఇంజను ఆపించాలి, ఆ అదురు సంచిలోంచి కూడా వస్తుంది. ఉదయసముద్రం కట్ట రాతి గోడ మీద ఇలాంటి సంచి వేసుకుంటే టీచర్ గారికి హాయిగా ఉంటుంది.

---

పెళ్లిపందిరి (మిర్యాలగూడ), సోమవారం రాత్రి 11:10

నల్లమల తమ్ముడు చెప్పిన కుదుపు సంగతి ఒప్పుకుంటాను. జొన్నల సంచి నిజంగా మంచి సలహా. కానీ బరువు మేలు చేసేది మొదటి అరగంటే. చెయ్యి అలిసిపోయాక అదే బరువు వణుకు తెస్తుంది. ముహూర్తం తెల్లవారుజామున నాలుగింటికి ఉన్న పెళ్లిళ్లలో నేను చూసేది ఇదే. సాయంత్రం ఎదుర్కోళ్లలో స్పష్టంగా వచ్చిన అదే కుర్రవాడి ఫొటోలు తలంబ్రాల వేళకు చెదిరిపోతాయి. 52 ఏళ్ల వయసులో, నొప్పి ఉన్న బొటనవేలితో వారం వారం తీయాల్సినవారికి రెండు కిలోలు చెప్పకూడదు.

మేడమ్, షట్టర్ కూడా చూసుకోండి. మీ కెమెరాలో 210 అంటే పాత ఫిల్మ్ లెక్కలో 315. షట్టర్ వేగం ఆ అంకెకు తగ్గకూడదన్నది పాత సూత్రం, కాబట్టి చేత్తో పట్టి తీస్తే సెకనులో 320వ వంతు కన్నా నెమ్మదిగా వెళ్లకపోవడం మంచిది. లెన్సులోని ఏర్పాటు మీ వణుకును తగ్గిస్తుంది, పిట్ట కదలికను ఆపలేదు. ఎగిరేదానికి 1000వ వంతు, ఇంకా పైన.

---

ఉదయసముద్రం (నల్లగొండ), తర్వాతి ఆదివారం ఉదయం 11:20

పలక గురువారం అందింది. మరచుట్టు అన్నగారికి ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. అంచులన్నీ చేత్తో రాసి నున్నగా చేసి పంపారు. కుడివైపు బ్యాటరీ మూత తెరుచుకునేంత మేర అర్ధచంద్రంలా కోశారు.

బిగించగానే నేను అనుకోని సుఖం ఒకటి తెలిసింది. ఇన్నాళ్లూ నా కుడిచేతి చిటికెనవేలికి చోటు లేదు, బాడీ కింద గాలిలో వేలాడేది. ఇప్పుడు పలక అంచు మీద కూర్చుంది. ఆ ఒక్క వేలు ఆనేసరికి బొటనవేలు దానంతట అదే వదులైంది. చిన్న కెమెరా ఉన్నవాళ్లు ముందు చిటికెనవేలి సంగతి చూసుకోండి.

ఒక చిక్కు వచ్చింది. లెన్సు చేతికి సన్నగా అనిపించినా, దాని అడుగు దాదాపు బాడీ అడుగుతో సమంగా ఉంటుంది. పలక ముందు భాగం జూమ్ రింగుకు రాసుకుంటోంది. 100 దాటాక గరగరమంటూ బిగుస్తోంది. భయమేసి తీసేశాను.

---

మరచుట్టు (మహబూబ్‌నగర్), ఆదివారం మధ్యాహ్నం 12:05

పొరపాటు నాది. లెన్సు చుట్టుకొలత అడగలేదు.

బాడీకీ పలకకూ నడుమ 6 మిల్లీమీటర్ల దిమ్మ పెట్టాలి, అప్పుడు పలక కిందికి దిగి రింగుకు ఖాళీ వస్తుంది. కార్కు పెట్టకండి, అణిగిపోతుంది, రెండు రోజులకు మళ్లీ వదులు. గట్టి టేకు ముక్క పెట్టి, బాడీకి ఆనే వైపు మాత్రం పలుచటి రబ్బరు అతికించండి, జారకుండా. పలక 6, దిమ్మ 6, మొత్తం 12. బోల్టు 16 తీసుకోండి, లోపలికి 4 వెళ్తుంది. నేను పంపిన పాత బోల్టు పొట్టి, అది వాడకండి, కెమెరా మర దాకా అందదు.

---

పడుగు పేక (భూదాన్ పోచంపల్లి), ఆదివారం మధ్యాహ్నం 2:30

దిమ్మ ఎలాగూ కర్రతో చేయిస్తున్నారు కాబట్టి పలక కూడా కర్రతోనే ఎందుకు చేయకూడదు? మార్చి, ఏప్రిల్‌లలో నల్లగొండ ఎండలో అల్యూమినియం అరచేతిని కాలుస్తుంది. చలికాలం పొద్దున్నే కట్ట మీద మంచుగడ్డలా ఉంటుంది.

మా నాన్నగారి గుంట మగ్గం నాడె (పేక నూలును అటూ ఇటూ మోసే చెక్క) ఒకటి ఇంట్లో ఉంది. రెండు కొసలూ సన్నగా, నడుమ పొట్ట ఉబ్బి ఉంటుంది. ముప్పై ఏళ్లు చేతిలో తిరిగి అద్దంలా నునుపెక్కింది. అరచేతిలో పెట్టుకుంటే పట్టుకోవాల్సిన పని లేదు, అదే కూర్చుంటుంది. అరచెయ్యి నడుమ గుంట ఉంటుంది కదా, పలక చదునుగా ఉంటే ఆ గుంట ఖాళీగా మిగిలి, అంచులు మాత్రం గుచ్చుకుంటాయి. కింది వైపు నాడె పొట్టలా గుండ్రంగా చిత్రిక పట్టించండి. ఫొటో పెడుతున్నాను, మీ వడ్రంగికి చూపించండి.

---

మరచుట్టు (మహబూబ్‌నగర్), ఆదివారం సాయంత్రం 5:15

ఇనుము పనివాడిని కాబట్టి నాకు కర్ర తట్టలేదు, కానీ పడుగు పేక గారు చెప్పింది మెరుగైన దారి. ఒకటే జాగ్రత్త. బోల్టు తల నేరుగా కర్ర మీద బిగిస్తే రోజురోజుకూ కర్రలోకి దిగుతుంది, దాంతో బోల్టు కొస కెమెరా లోపలికి ఇంకా పొడుచుకు వెళ్తుంది. తల కింద వెడల్పాటి వాషరు తప్పనిసరి. బిగింపు నాణెంతో తిప్పేంత చాలు. వానాకాలం కర్ర ఉబ్బుతుంది కాబట్టి ముందే అవిసె నూనె రెండు మూడు పూతలు పట్టించండి.

---

జూరాల గేటు (గద్వాల), ఆదివారం రాత్రి 8:45

నాకొక సందేహం. ఆలంపూర్‌లో నవబ్రహ్మ ఆలయాల లోపల తీయాలని వెళ్లాను. అది కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది, స్టాండు పెట్టాలంటే ముందే అనుమతి కావాలన్నారు. లోపల చీకటి. మెడ పట్టీ బిర్రుగా లాగినా 15వ వంతు దగ్గర చెదిరిపోయింది. ఇంకేదైనా మార్గం ఉందా?

---

పడుగు పేక (భూదాన్ పోచంపల్లి), ఆదివారం రాత్రి 9:20

ఉంది తమ్ముడూ. పావు అంగుళం బోల్టుకు నూలు తాడు కట్టి కెమెరా అడుగున బిగించు. తాడు రెండో కొస కాలి కింద తొక్కిపట్టి కెమెరాను పైకి లాగు. తాడు బిగిస్తే పైకీ కిందికీ ఊగదు. ఒక్క పోగయితే పక్కలకు ఊగుతుంది. అందుకని నేల నుంచి నీ గడ్డం దాకా ఎంత ఎత్తుందో దానికి రెట్టింపు కన్నా కొంచెం ఎక్కువ పొడవు తాడు తీసుకుని, మడిచి, రెండు పాదాలు ఎడంగా పెట్టి రెండింటి కిందా తొక్కు. కెమెరా దగ్గర ఒకటి, పాదాల దగ్గర రెండు, త్రికోణమవుతుంది. నైలాన్ తాడు సాగుతుంది, పనికిరాదు. చుట్టేస్తే జేబులో పడుతుంది, గుడి నేలకు ఏ గీతా పడదు.

---

ఉదయసముద్రం (నల్లగొండ), మూడో ఆదివారం మధ్యాహ్నం 1:00

రెండు సంగతులు చెప్పాలి.

తాడు నేనూ ప్రయత్నించాను, పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో. గర్భగుడిలో స్తంభపు నీడ పొద్దంతా చెదరకుండా ఒకేచోట నిలబడే గుడి అది. మా పిల్లలు ఆ నీడ గురించి అడుగుతూనే ఉంటారు, సరైన ఫొటో ఒక్కటీ లేదు. లోపల తీయడానికి పూజారిగారిని అడిగాను, సరేనన్నారు. పొడుగు లెన్సు తీసేసి మామూలు చిన్నది పెట్టి, రాతి స్తంభానికి వీపు ఆనించి, తాడును రెండు పాదాల కింద తొక్కి బిగించాను. మీట నొక్కిన కుదుపు కూడా రాకుండా రెండు సెకన్ల టైమర్ పెట్టాను. సెకనులో 8వ వంతు దగ్గర పది తీస్తే నాలుగు బాగా వచ్చాయి. గోడ మీద నీడ అంచు మెత్తగా, దాని పక్కన రాతి గరుకు స్పష్టంగా. అదివరకు పదికి ఒక్కటి కూడా వచ్చేది కాదు.

రెండోది కర్ర పట్టు. మా వీధిలో తలుపులు చేసే వడ్రంగికి నాడె ఫొటో చూపించాను. అతను ఏమీ మాట్లాడకుండా నా ఎడమచెయ్యి చాపించి, తడి మట్టి ముద్ద అరచేతిలో పెట్టి మూయమన్నాడు. ఆ ముద్ద ఆరాక దాన్ని చూస్తూ టేకు చెక్కాడు. బొటనవేలి కండ ఉబ్బు దగ్గర గుంట, చేతి గుంట దగ్గర పొట్ట. గరుకు కాగితంతో రెండు సాయంత్రాలు రాశాడు. దిమ్మ, వాషరు, 16 బోల్టు అన్నీ అన్నగారు చెప్పినట్టే. మొత్తం 58 గ్రాములు తూగింది, కొట్లో త్రాసు మీద పెట్టి చూశాం.

ఈ ఉదయం కట్ట మీద రెండున్నర గంటలు ఉన్నాను. తూము దగ్గర ఎండిన తుమ్మకొమ్మ మీద లకుముకిపిట్ట కూర్చుని ఉంది. కెమెరా కన్నుకు ఆనించి, 210 దాకా సాగదీసి, ఎడమ మోచెయ్యి డొక్కకు పెట్టి నిలబడ్డాను. అది దూకేదాకా అలా ఎంతసేపు ఉన్నానో తెలియదు, కాళ్లు తిమ్మిరెక్కాయి కానీ చేతులు గుర్తుకు రాలేదు. నీళ్లలో పడి, చేపతో లేచి, కొమ్మ మీదికి తిరిగి వచ్చింది. చేప పొలుసు మీది మెరుపు కనిపిస్తోంది ఫొటోలో.

---

పెళ్లిపందిరి (మిర్యాలగూడ), మధ్యాహ్నం 1:25

ఫొటో చూశాను మేడమ్. పిట్ట కంటిలో కట్ట ప్రతిబింబం కూడా ఉంది. నీటి గీత వాలలేదు, గమనించారా?

---

నల్లమల అంచు (అచ్చంపేట), మధ్యాహ్నం 2:00

చాలా బాగుంది టీచర్ గారూ. పెద్ద లెన్సుకైతే నా మాట మీదే ఉంటాను. కానీ ఆ మట్టిముద్ద ఆలోచన మాత్రం నా జీపు తలుపు పిడికి కూడా చేయించుకుంటాను. మట్టి ఆరేటప్పుడు కుంచించుకుపోదా? ఎంత తేడా వదిలారు?

---

ఉదయసముద్రం (నల్లగొండ), మధ్యాహ్నం 2:35

కుంచించుకుపోతుంది, అందుకే వడ్రంగి చుట్టూ ఒక గోరు మందం ఎక్కువ ఉంచి చెక్కాడు, తర్వాత నా చేతిలో పెట్టి చూసుకుంటూ రాశాడు. చూపుడువేలి మొదట్లో ఇంకా ఒక చోట అంచు తగులుతోంది, పెన్సిలుతో గుర్తు పెట్టి ఉంచాను. రేపు బడి అయ్యాక తీసుకెళ్తాను. మరచుట్టు అన్నగారూ, మీ పాలపిట్ట ఇంకా దొరకలేదు. తీగ మీద ఉన్నది వద్దనుకుంటున్నాను, రెక్కలు విప్పినది కావాలి.